పాటకు కూలి అడగకూడదా?

కిందటి ఫిబ్రవరిలో ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఫోను వచ్చింది. జిల్లా కేంద్రంలో మార్చి 8 సభ పెడుతున్నారట. మాట్లాడిన అమ్మాయి మర్యాదస్తురాలు, పనిమంతురాలు కూడా అని గొంతులోనే తెలుస్తోంది. "మేడం, మీరొకప్పుడు పాటల బృందంలో ఉండేవారట కదా. మొదట్లో ఒక రెండు పాటలు పాడించగలరా? డప్పు ఉంటే ఇంకా బాగుంటుంది. పెద్దవాళ్ళు వచ్చేలోపు జనం లేచిపోకుండా ఉంటారు" అంది. ఎంతమంది రావాలి, ఎలా రావాలి, రాత్రి ఎక్కడుండాలి అని అడిగాను. కాసేపు అటునుంచి మాట లేదు. "పాటలకి బడ్జెట్ పెట్టలేదు మేడం. మీవాళ్ళు ఉద్యమం వాళ్ళే కదా!" అంది. ఫ్లెక్సీకి పెట్టారా అన్నాను. పెట్టారు. షామియానాకీ కుర్చీలకీ మైకుకీ భోజనాలకీ ఫోటోగ్రాఫరుకీ, అతిథులకిచ్చే మెమెంటోలకీ శాలువాలకీ, అన్నిటికీ పెట్టారు.

ఆ అమ్మాయిని తప్పుపట్టటానికి ఇది రాయటం లేదు. ఆ మాట ఆమెకు నేర్పింది మనమే. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట అదే మాటను నేను ఇంకా పెద్ద పెద్ద పదాలతో, సిద్ధాంతం జోడించి, ఒక మనిషి ముఖం మీద అన్నాను. ఆ మాటతోనే మా బృందం పోయింది. ఇన్నేళ్ళూ మా బృందం ఎందుకు ఆగిపోయిందని ఎవరడిగినా పితృస్వామ్యం అని చెబుతూ వచ్చాను. అది అబద్ధం కాదు. కానీ సగమే నిజం. మిగతా సగం ఇక్కడ చెప్పదలుచుకున్నాను.

2001లో నేను ఎం.ఏ. చదువుతున్నాను. హైదరాబాదులో ఒక మహిళా సంఘం ఆఫీసు డాబా మీద ఆదివారం మధ్యాహ్నాలు ఏడుగురం కలిసేవాళ్ళం. ఇద్దరం విద్యార్థినులం. ఒకామె బ్యాంకు ఉద్యోగి, ఒకామె టీచరు, ఒకామె ఇంట్లో మిషను కుట్టేది, ఇంకొకామె సంఘం ఆఫీసులోనే టైపు పనీ లెక్కలూ చూసేది. ఏడో మనిషి అక్క. మునిసిపాలిటీలో కాంట్రాక్టరు కింద రోడ్లు ఊడ్చేది. తెల్లారకముందే పనిలోకి దిగి, పది పదకొండు గంటలకు ఇల్లు చేరి, వంట చేసి, పిల్లలకు పెట్టి, మా దగ్గరికి వచ్చేది. మెదక్ జిల్లా నుంచి వలస వచ్చిన కుటుంబం. వాళ్ళ నాయన డప్పు కొట్టేవాడు. ఆడపిల్లకు ఎవరూ నేర్పరు గదా! చిన్నప్పుడు నాయన వెంట పోయి డప్పు కాచి ఇచ్చే పని తనది. కాస్తూ కాస్తూ, వింటూ వింటూ నేర్చుకుంది.

మాకున్నవి ఒక ఢోలకు, రెండు జతల గజ్జెలు, అక్క తెచ్చిన డప్పు. సంగీతం వచ్చినది బ్యాంకు ఆమెకొక్కతికే. ఆ సంగీతాన్ని ఆమె గొంతులోంచి పోగొట్టటానికి మాకు ఆర్నెల్లు పట్టింది. మైకు ముందు నిలబడితే చాలు, పెళ్ళిచూపుల్లో పాడుతున్నట్టే ఉండేది. పాపం, ఆమే ముందు నవ్వేది. బృందానికి పేరు పెట్టటానికి మూడు సమావేశాలు జరిపాం. ఆ పేరు ఇక్కడ అవసరం లేదు.

మొదటి ప్రదర్శన ఒక బస్తీలో. సన్నగా తుంపర పడుతోంది. చెమ్మకు తోలు వదులైపోయి డప్పు మొద్దుబారింది. అక్క పాత పేపర్లు పోగేసి, టీ కొట్టు పక్కన మంట వేసి, డప్పును తిప్పి తిప్పి కాచి, వేలితో మీటి చూసి, మళ్ళీ కాచింది. ఆ పావుగంటా ఏం చెయ్యాలో తోచక మేం ఆరుగురం మెట్ల మీద నిలబడ్డాం. తర్వాత ఆమె మొదటి దరువు వెయ్యగానే తలుపులు తెరుచుకున్నాయి. పిండి చేతులతో, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు బయటికొచ్చారు. తాగి ఉన్న ఒకతను ముందుకొచ్చి "ఆడది డప్పు గొడుతదా!" అని అరిచాడు. అక్క ఆపలేదు, అతని వైపు నాలుగడుగులు వేసింది. అతనే వెనక్కి తగ్గాడు. ఇన్నేళ్ళ పరిశోధనలో నేను చూసిన ఏ సర్వే ఫలితమూ నాకు ఆ నాలుగడుగులంత గుర్తులేదు.

తర్వాత మూడు నాలుగేళ్ళు బాగా నడిచింది. ఒక ఏడాది నలభై దాకా ప్రదర్శనలిచ్చాం. నిజామాబాదు వైపు బీడీ కార్మికుల దగ్గరికి, వరకట్న చావులు జరిగిన వాడల్లోకి, కాలేజీలకు, ధర్నాల దగ్గరికి. బస్సులో నిలబడి పోవటం, అర్ధరాత్రి బస్టాండులో డప్పు మీద తల పెట్టుకుని పడుకోవటం. 2005లో పాటలన్నీ ఒక సీడీగా తెచ్చాం.

కష్టాలూ ఆ రోజుల్నుంచే ఉన్నాయి. ఇది చదివే మీలో చాలామందికి అవి చెప్పనక్కర్లేదు. రాత్రి ఎనిమిదికి హాస్టలు గేటు మూసేవాళ్ళు. మిషను కుట్టే ఆమెకు పెళ్ళయింది. భర్త మంచివాడే, మన పుస్తకాలు చదివినవాడే, "రాత్రిళ్ళు మాత్రం వద్దు" అన్నాడు. మా ప్రదర్శనలన్నీ రాత్రిళ్ళే. పనికి పోయే ఆడవాళ్ళకు అప్పుడే గదా తీరిక! టీచరుకు బదిలీ అయింది. బ్యాంకు ఆమె ఒకసారి సాధన కోసం డప్పును ఇంటికి తీసుకుపోతే, అత్తగారు దాన్ని గడప బయట పెట్టించి, గడప కడిగించింది. ఆ డప్పును ఆమె తెల్లారి చీర కొంగులో చుట్టి తెచ్చింది. అక్క ఏమీ అడగలేదు. అడగకుండానే తెలుసు.

ఈ సంఘటనలన్నీ నా సిద్ధాంత గ్రంథంలో ఉన్నాయి. హాస్టలు గేటూ, భర్తా, అత్తగారూ. అవి రాయటం తేలిక. ఎందుకంటే వాటిలో నేను లేను.

బయటివాడు చంపిన బృందం అంటే మనకు ఎక్కడ లేని ఆవేశం వస్తుంది. 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో పదో తరగతి చదివే ముగ్గురు అమ్మాయిలు 'ప్రగాష్' అనే బ్యాండుగా వేదికెక్కారు. గిటారు, బేసు గిటారు, డ్రమ్స్. ఆ మాటకు వెలుగు అని అర్థం. పోటీలో బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో బూతులూ బెదిరింపులూ మొదలయ్యాయి. 2013 ఫిబ్రవరిలో గ్రాండ్ ముఫ్తీ బషీరుద్దీన్ అహ్మద్ వాళ్ళ సంగీతం మత విరుద్ధం అన్నాడు. అప్పటి ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా అమ్మాయిలకు మద్దతు పలికినా, బ్యాండు అక్కడితో ఆగిపోయింది. దేశమంతా సంపాదకీయాలు వచ్చాయి. అంతకుముందు ఏనాడూ ఆడపిల్లల చేతిలో గిటారు చూసి సంతోషించని పెద్దమనుషులు కూడా ఆ వారం స్వేచ్ఛావాదులైపోయారు. మేమూ ఒక ఖండన ప్రకటన మీద సంతకాలు చేశాం. చెయ్యవలసిందే. కానీ ఆ సంతకం పెడుతున్నప్పుడు నాకు గుర్తుకురాని సంగతొకటుంది. అప్పటికి మా బృందం ఆగిపోయి ఏడాది కూడా కాలేదు. దానికి ఏ ఫత్వా అవసరం పడలేదు. ఎవరూ సంపాదకీయం రాయలేదు.

సీడీ సంగతి చెప్పాలి. అట్ట మీద ఏం రాయాలని చర్చ వచ్చింది. ఎవరి పేర్లూ వద్దు, మనది సామూహిక కృషి, వ్యక్తుల పేర్లు పెడితే తారలు తయారవుతారు అని నేనే వాదించాను. "గానం, వాద్యం: సామూహికం" అని వేశాం. ముందుమాట రాసిన ప్రొఫెసరు గారి పేరు ఉంది. రికార్డింగ్ చేసిన స్టూడియో పేరు ఉంది. అట్ట మీద బొమ్మ వేసిన చిత్రకారుడి పేరు ఉంది. వాళ్ళెవరూ తారలు కారు కాబోలు! సీడీలో మొదటి నుంచి చివరి దాకా వినిపించే డప్పు మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. మా అందరికీ దరువు నేర్పింది ఆమె. ఎక్కడ ఆపాలో, ఎక్కడ పెంచాలో, జనం ఎప్పుడు అలిసిపోయారో చెప్పింది ఆమె. ఆమెను నాయకురాలు అనటానికి మాకు నోరు రాలేదు. మా బృందంలో నాయకులే లేరు గదా, అందరం సమానం గదా!

ఇది మన వెనకబాటుతనం అనుకునేదాన్ని, అమెరికాలో ఒక బ్యాండు చరిత్ర చదివేదాకా. షికాగో విమెన్స్ లిబరేషన్ యూనియన్ అనే సంఘం 1969లో ఏర్పడింది. అందులో నయోమీ వైస్‌స్టీన్ అనే సైకాలజిస్టు ఉండేది. 1964లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్న మనిషి. స్త్రీ స్వభావం గురించి మనస్తత్వశాస్త్రం చెప్పేదంతా ఆధారాల్లేని మగ ఊహ అని 1968లో రాసిన వ్యాసంతో పేరు పొందింది. ఆ కాలపు రాక్ సంగీతంలో ఆడదాన్ని తొక్కి ఉంచటమే మగతనంగా పాడుతుంటే, ఆడపిల్లలు దాన్నే తమ సంగీతం అనుకుని వింటున్నారు. ఆ సంగీతాన్నే మనం ఎందుకు తీసుకోకూడదు అని 1970లో ఆమె కొంతమందిని పోగుచేసి షికాగో విమెన్స్ లిబరేషన్ రాక్ బ్యాండ్ పెట్టింది. వాళ్ళలో చాలామంది సంగీతజ్ఞులు కారు. ఆమె పియానో వాయించేది. అదే సమయానికి న్యూ హేవెన్ ఊళ్ళో ఇంకో బ్యాండు పుట్టింది. రెండూ కలిసి 1972లో రౌండర్ కంపెనీ ద్వారా ఒక రికార్డు తెచ్చాయి. దాని పేరు 'మౌంటెన్ మూవింగ్ డే', కొండలు కదిలే రోజు. ఆ పేరు జపాన్ కవయిత్రి యొసానో అకికోది. 1911లో 'సైతో' అనే స్త్రీల పత్రిక మొదటి సంచికలో ఆమె రాసిన కవితలోంచి తీసుకున్నారు. టోక్యోలో ఒక స్త్రీల పత్రికలో వచ్చిన మాట అరవై ఏళ్ళ తర్వాత షికాగోలో పాటైంది. మన పత్రికల గురించి నిరాశపడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

1973లో వైస్‌స్టీన్ ఉద్యోగరీత్యా బఫెలో వెళ్ళింది. బ్యాండు ఆ ఏడాదే ముగిసింది. న్యూ హేవెన్ వాళ్ళది 1976 దాకా నడిచింది. ఆ పాత రికార్డు 2005లో మళ్ళీ సీడీగా వచ్చింది. ఎందుకు ఆగిపోయిందో వైస్‌స్టీన్ తర్వాత రాసిన జ్ఞాపకాల్లో దాచలేదు. ఊరు మారటం ఒక్కటే కాదు. అందరూ సమానం అనే నియమం కింద, ఎవరికి ఎంత వచ్చు, ఎవరు నడిపిస్తున్నారు అనే సంగతి బయటికి మాట్లాడుకోలేకపోయారు. మాట్లాడనిది లోపల పేరుకుంది. సభల్లో గొప్పగా ఉపన్యసించగల మనిషి ఆమె. ఒకరే వెలిగిపోకూడదన్న పట్టుదలతో సంఘం ఆ అవకాశం ఆమెకు లేకుండా చేసింది. ఆ గాయం ఆమెను 2015లో పోయేవరకూ వదల్లేదనిపిస్తుంది. ఆ రోజుల్లోనే జో ఫ్రీమన్, నిర్మాణం లేని సంఘాల్లో అధికారం మాయమైపోదు, కనిపించకుండా పోతుంది అంతే అని వాదించింది. కనిపించని అధికారాన్ని ఎవరూ ప్రశ్నించలేరు గనక అది మరీ ప్రమాదం అంది.

వాళ్ళ కథ చదువుతున్నంతసేపూ మా కథే అనిపించింది. ఆ తర్వాత ఒక తేడా తట్టింది. అది తట్టాక నిద్రపట్టలేదు. షికాగోలో సమానత్వం పేరుతో నోరు మూయించింది డాక్టరేట్ ఉన్న మనిషిని. ఆమె దాని గురించి రాసుకోగలిగింది, మనం చదవగలుగుతున్నాం. మా దగ్గర నోరు మూయించింది రోడ్లు ఊడ్చే మాదిగ స్త్రీని. మూయించిన నేను డాక్టరేట్ తీసుకున్నాను.

2006లో వరంగల్ వైపు ఒక కార్యక్రమానికి పిలిచినవాళ్ళు, మేం అడక్కపోయినా, మూడు వేల రూపాయలు కవర్లో పెట్టి ఇచ్చారు. తిరిగొచ్చాక సమావేశం. డబ్బు సంఘం ఖాతాలో వెయ్యాలన్నది దాదాపు అందరి మాట. అక్క తలా నూటయాభై పంచుకుందామంది. మిగిలింది సంఘానికే ఇద్దామంది. అప్పుడు నేను మాట్లాడాను. కళ సరుకైపోవటం గురించి, డబ్బు ఉద్యమాన్ని ఎలా తినేస్తుందో దాని గురించి, చైతన్యం గురించి. ఇరవై నిమిషాలు మాట్లాడి ఉంటాను. అందరూ తలలూపారు. అక్క అంతా విని అంది: "ఒక్కరోజు పని ఇడిస్తే మేస్త్రి రెండ్రోజుల పైస కోస్తడు. మీరు పాట పాడొచ్చినా మీ జీతం మీకొస్తది. నేను పాట పాడొస్తే నా జీతం పోతది. గిదేం సమానం?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నేను నోట్సు పుస్తకంలో రాసుకున్నాను. ఆ వాక్యం నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయంలో ఉంది. "ఒక సభ్యురాలి అభిప్రాయం" అని.

డబ్బు సంఘం ఖాతాలో వేశాం. అక్క తర్వాత రెండు మూడుసార్లు వచ్చింది. 2008 నాటికి రావటం మానేసింది. అదే ఏడాది నాకు డాక్టరేట్ వచ్చింది. కృతజ్ఞతల్లో "బృంద సభ్యులందరికీ" అని రాశాను. ఆ తర్వాత ఒక డప్పు కొన్నాం కానీ దాన్ని కాచటం ఎవరికీ సరిగ్గా రాలేదు. ఒకసారి తోలు మాడ్చేశాం. చివర్లో సీడీ పెట్టి దాని మీద పాడేవాళ్ళం, అంటే ఆమె లేకుండా ఆమె డప్పుకే పాడేవాళ్ళం. 2012లో ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరూ ప్రకటించలేదు. వచ్చే ఆదివారం కలుద్దాం అనుకుని కలవలేదు.

పత్రికల్లో మాలాంటివాళ్ళను ఔత్సాహిక బృందం అంటారు. ఆ మాట మీద కొంచెం ఆగాలి. ఉత్సాహం ఎవరికుంటుంది? నెల జీతం ఇంకోచోట నుంచి వచ్చేవాళ్ళకు ఉంటుంది. డబ్బు తీసుకోకపోవటం ఒక ఆదర్శంగా కనబడాలంటే ముందు ఆ డబ్బు అవసరం లేకుండా ఉండాలి. మన నాటక పరిషత్తుల చరిత్ర చూడండి. మగవాళ్ళు ఔత్సాహికులు, పగలు ఉద్యోగం, రాత్రి కళాసేవ. ఆడవేషం వెయ్యటానికి మాత్రం రాత్రికింతని డబ్బిచ్చి నటీమణుల్ని తెచ్చుకునేవారు. వాళ్ళు లేకపోతే నాటకమే లేదు. అయినా డబ్బు తీసుకున్నారు గనక వాళ్ళది కళాసేవ కాలేదు, తీసుకోని పెద్దమనుషులదే కళ అయింది. స్త్రీవాదులుగా ఆ పెద్దమనుషుల్ని మనం ఎన్నిసార్లు ఎగతాళి చేశాం! డబ్బు తీసుకునే ఆడదాని పట్ల వాళ్ళకున్న చులకనే, కొంచెం ఎరుపు రంగు పూసుకుని, మా డాబా మీదికి వచ్చి కూర్చుందని నాకు తట్టనేలేదు.

డప్పు విషయంలో ఇది ఇంకా ఘోరం. తెలంగాణ పల్లెల్లో చాటింపుకూ చావుకూ జాతరకూ మాదిగ ఇంటివాడు డప్పు కొట్టాల్సిందే. అడిగే హక్కు లేదు, కొట్టనని అనే హక్కు అసలే లేదు. ఇస్తే గింజలు, లేకపోతే తిట్లు. దాన్ని వెట్టి అన్నాం. వెట్టిని నిషేధిస్తూ 1976లో చట్టం కూడా వచ్చింది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా తలకెత్తుకుంది. ఆ చరిత్రంతా నాకు తెలుసు. క్లాసులో పాఠం చెప్పేదాన్ని. అక్క వాళ్ళ నాయన ఊరి దొర కోసం ఊరికే కొట్టాడు. బిడ్డను నేను ఉద్యమం కోసం ఊరికే కొట్టమన్నాను. పిలుపు మారింది గానీ, కూలి లేకుండా కొట్టటం మారలేదు.

దీనికి మిత్రులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. డబ్బు మొదలైతే ఎక్కడ ఎక్కువిస్తే అక్కడే పాడతారు, పాటలో పదును పోతుంది అంటారు. పదును పోవటం నిజంగానే జరిగింది. తెలంగాణ ఉద్యమంలో పాడిన వందలమంది కళాకారుల్ని రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి అనే సంస్థలో జీతాల మీద పెట్టుకుని ప్రభుత్వ పథకాల పాటలు పాడించారు. కానీ అందులో తప్పు జీతానిదా, ఏం పాడాలో చెప్పే యజమానిదా? మన ఉద్యోగాల్లో మనం జీతం తీసుకోవటం లేదా? అందువల్ల మన ఉపన్యాసాల పదును పోయిందా? (పోయిందనే వాళ్ళూ ఉన్నారు, అది వేరే చర్చ.) ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు పింఛను పెట్టింది. ఆ డబ్బు చాలుతుందా, ఆడవాళ్ళకు ఎంతమందికి అందుతోంది అన్నవి అడగవలసిన ప్రశ్నలే. అయినా డప్పు కొట్టటం పని అని ప్రభుత్వానికి అర్థమైంది. మనకు కాలేదు.

బీహారులో పాట్నా పక్కన దానాపూర్ దగ్గర ఢిబ్రా అనే ఊరుంది. అక్కడ కూలిపనులు చేసుకునే దళిత స్త్రీలు పదిమంది దాకా కలిసి బ్యాండు మేళం నడుపుతున్నారు. సుధా వర్గీస్ పెట్టిన నారీ గుంజన్ సంస్థ దన్నుతో మొదలైంది. డ్రమ్ములు నేర్చుకున్నారు. మొదట్లో ఊళ్ళో నవ్వారు, ఇళ్ళల్లో అడ్డుపడ్డారు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు, సభలకు రేటు మాట్లాడుకుని వెళ్తారు. ఈ సంగతి ఒక సమావేశంలో చెబితే ఒక మిత్రురాలు, "కట్నం తీసుకునే పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండు స్త్రీవాదం ఎలా అవుతుంది?" అని అడిగింది. ఆ పెళ్ళిళ్ళకు మనమూ వెళ్ళి భోజనాలు చేస్తున్నాం కదమ్మా అన్నాను. అందరూ నవ్వారు గానీ, ఆమెకు కోపమొచ్చింది. ఆమె ప్రశ్న కొట్టిపారేసేది కాదు. అయితే ఆ ప్రశ్న రోజుకూలీ వదులుకుని డ్రమ్ము మోసే మనిషిని ముందు అడగటం, కాలు మీద కాలేసుకుని కూర్చున్న మనల్ని చివర అడగటం నాకు న్యాయంగా తోచదు.

సంస్థల్లో పనిచేసేవాళ్ళు ఇంకో మాట అంటారు. నిధులెక్కడివి అని. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. వచ్చిన విరాళంలోంచి ఇంకో చిన్న సంఘానికి ఇవ్వటాన్ని పూర్తిగా నిషేధించారు. పల్లెల్లో పెద్ద సంస్థల మీద ఆధారపడి బతికిన చిన్న చిన్న బృందాలు దాంతో దెబ్బతిన్నాయి. ఆ కష్టం నాకు తెలుసు. అయితే మా మూడు వేల రూపాయల సంగతి 2006 నాటిది. అప్పుడు ఆ సవరణ లేదు. నిధులున్న రోజుల్లో కూడా పాట అనే పద్దు ఎవరి బడ్జెట్‌లోనూ నేను చూడలేదు. "ఇతర ఖర్చులు"లో బిస్కెట్ల పక్కన ఉండేది. ఉంటే.

మన చరిత్ర రాసుకున్నప్పుడు కూడా ఇంతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మీద ఎన్ని వ్యాసాలు! 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా ఏ రోజు ఏం జరిగిందో రాశాం. అక్షరాస్యత ఉద్యమం వల్ల స్త్రీలు కదిలారని రాశాం. ఆ కళాజాతాల్లో ఊరూరా తిరిగి, గొంతులు బొంగురుపోయేదాకా పాడిన ఆడపిల్లలకు ఆ తర్వాత ఏమైంది? ఎవరి పెళ్ళితో పాట ఆగింది, ఎవరిది కూలి దొరక్క ఆగింది? నాకు చెప్పగలిగినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళి రాసుకుంటాను. ఈసారి పేర్లతో.

పోయిన డిసెంబరులో అక్క ఇంటికి వెళ్ళాను. పదిహేనేళ్ళు దాటింది చూసి. వెతికి పట్టుకోవటం కష్టమవుతుందనుకున్నాను. అదే బస్తీ, అదే గల్లీ. నేను వెతకలేదు, అంతే. మోకాళ్ళు అరిగాయి, ఊడ్పు పని మానేసింది, కోడలు వెళ్తోంది. డప్పు గోడకు మేకుకు వేలాడుతోంది, తోలు కొత్తది. బస్తీలో బోనాలకు ఇప్పటికీ తనే మొదటి దరువు వేస్తుందట. పక్కింటి పిల్లలు నలుగురు నేర్చుకుంటున్నారు, ఇద్దరు ఆడపిల్లలు. టీ పెట్టింది. నేను ఈ వ్యాసం రాయబోతున్నానని, ఆ సీడీలో డప్పు తనదేనని పేరుతో సహా రాస్తానని చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆలోచించింది.

"ఇప్పుడెందుకు చెల్లె? రాసేదుంటే అప్పుడే రాయాలె. ఇప్పుడు రాస్తే నీ మనసు తేలికైతది. నాకేమొస్తది?"

అందుకే పేరు రాయలేదు. మరేం చెయ్యమంటావక్కా అని అడిగాను. ప్రోగ్రాములుంటే చెప్పమంది. పిల్లలు తయారయ్యారు, ఐదుగురం వస్తాం అంది. లెక్క కూడా తనే చెప్పింది. మనిషికి వెయ్యి, పిల్లలకూ అంతే. రాత్రయితే పోనురాను బండి, లేదంటే పడుకోవటానికి తలుపున్న గది. తలుపుకి లోపల గడియ ఉండాలంది.

ఫిబ్రవరిలో ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడు నేను ఇదే చెప్పాను. ఐదు వేలు, బండి, గడియ ఉన్న గది, సభ మధ్యలో అరగంట, కరపత్రంలో పేర్లు. "మధ్యలోనా మేడం?" అంది. మధ్యలోనే అన్నాను. మీ షామియానా ఖర్చు కంటే తక్కువే అవుతుంది అని కూడా అన్నాను.

"సార్‌ని అడిగి చెప్తాను మేడం" అని పెట్టేసింది. మార్చి 8 వెళ్ళిపోయింది. మళ్ళీ ఫోను రాలేదు. సార్ ఎవరో అడగటం మర్చిపోయాను.